మంచు హాకీ మహాశిల్పి లెస్టర్ పాట్రిక్

హాకీ యన్నంతనే మనకు పచ్చిక మైదానమును, వంపు కఱ్ఱయు, తెల్లని బంతియు స్ఫురించును. కెనడా దేశమున ఆ పేరుతో ఆడు ఆట వేఱు. అచ్చట చలికాలమున చెఱువులును నదులును గడ్డకట్టి రాతినేలవలె గట్టిపడును. ఆటగాండ్రు అడుగున ఉక్కు పలుకులు బిగించిన బూట్లు తొడిగికొని ఆ మంచుపై జాఱుచు పరుగులు తీయుదురు. బంతికి బదులు మూడంగుళముల వెడల్పును ఒక అంగుళము మందమును గల గట్టి రబ్బరు బిళ్లను కఱ్ఱలతో కొట్టి ఎదుటి జట్టువారి గోలులోనికి చేర్చవలెను. ఆ ఆటలో మొదట రక్షకుడుగను, పిమ్మట శిక్షకుడుగను, నిర్వాహకుడుగను నాలుగు దశాబ్దములకు పైగా పాటుపడి, ఆట స్వరూపమునే మార్చినవాడు లెస్టర్ పాట్రిక్. మంచు హాకీ మన గ్రామములలో లేకున్నను, చేపట్టిన పనిని మానవుడు ఎంతదూరము తీసికొనిపోగలడో ఆయన చరితము చక్కగా తెలుపును.

లెస్టర్ 1883వ సంవత్సరము డిసెంబరు మాసపు చివరి దినములలో క్విబెక్ రాష్ట్రమునందలి డ్రమ్మండ్‌విల్ అను ఊర జన్మించెను. తండ్రి జోసెఫ్ పాట్రిక్ కలప వ్యాపారి. రెండేండ్లకు తమ్ముడు ఫ్రాంకు పుట్టెను. కుటుంబము మాంట్రియల్ నగరమునకు తరలిపోగా, అచ్చటి చలికాలమే ఆ బాలురకు హాకీ నేర్పిన గురువయ్యెను. అన్నదమ్ము లిద్దఱును రామలక్ష్మణులవలె కలసి పెరిగి, కలసి ఆడి, పెద్దవారైన పిమ్మట కలసియే గొప్ప కార్యమునకు పూనుకొనిరి. అన్న పొడగరి, నిబ్బరముగలవాడు, నలుగురిని నడిపింప నేర్చినవాడు. తమ్ముడు క్రొత్త ఆలోచనలకు పుట్టినిల్లు.

ఆ కాలమున జట్టునకు ఏడుగురు ఆటగాండ్రు. వారిలో గోలునకు ముందు నిలిచి కాపాడువారు ఇద్దఱు. ఒకని వెనుక నొకడు నిలిచి, ఎదుటివారిని అడ్డగించి, చేతికందిన బిళ్లను దూరముగ విసరివేయుటయే వారి పని. బిళ్లను ముందునకు కొనిపోయి గోలు చేయుట వారి ధర్మముగ నెవ్వరును తలంపలేదు. లెస్టర్ ఆ కట్టుబాటునకు లోబడలేదు. 1904వ సంవత్సరమున మానిటోబా రాష్ట్రపు బ్రాండన్ జట్టు స్టాన్లీ కప్పునకై ఒట్టావా జట్టును ఎదుర్కొనెను. కెనడా గవర్నరు జనరలుగ నుండిన స్టాన్లీ ప్రభువు 1892లో బహూకరించిన ఆ కప్పే మంచు హాకీకి అత్యున్నత గౌరవచిహ్నము. బ్రాండన్ జట్టున రక్షకుడుగ నున్న లెస్టర్, బిళ్ల చేజిక్కగనే దానిని విసరివేయక, తానే కఱ్ఱతో నడిపించుకొనుచు ఎదుటి గోలువైపు దూసికొనిపోయెను. ఆ జట్టు ఓడిపోయెను గాని, రక్షకుడు దాడికి పూనుట చూచి ప్రేక్షకులు విస్మయము నొందిరి. నేడు ప్రతి జట్టులోని రక్షకుడును చేయుచున్న పని యదియే.

రెండేండ్లు గడచునప్పటికి ఆయన మాంట్రియల్ వాండరర్స్ జట్టున నుండెను. 1906 మార్చిలో ఆ జట్టు ఒట్టావాతో రెండాటల పోటీ నాడెను. రెండాటలలోని గోలులను కూడి ఎవరికి హెచ్చయిన వారికే కప్పు. మొదటి ఆటలో వాండరర్స్ తొమ్మిది గోలులు చేయగా ఒట్టావా ఒక్కటే చేసెను. ఇక భయము లేదని మాంట్రియల్ ప్రజలు తలంచిరి. రెండవ ఆట ఒట్టావాలో జరిగెను. అచ్చటి వీరులు విజృంభించి వరుసగ గోలులు చేయుచు, మొత్తము లెక్కను పది పదిగా సమము చేసిరి. సొంత జనుల కేకలతో మైదానము మాఱుమ్రోగుచుండ, గెలుపు ఒట్టావాదే యని తోచెను. ఆ విషమసమయమున లెస్టర్ చలింపక ఒకటి వెంట నొకటిగ రెండు గోలులు చేసి కప్పును తన జట్టునకు దక్కించెను. 1907లోను ఆ జట్టు కప్పును గెలిచెను.

ఆ యేడే జోసెఫ్ పాట్రిక్ పశ్చిమమున బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు కొండలలోని నెల్సన్ అను ఊరికి వ్యాపారమును మార్చెను. కుమారులును వెంట పోయి కలప పనిలో తోడుపడిరి. ఐనను ఆట వారిని విడువలేదు. 1909-10 ఋతువున ఒంటారియోలోని రెన్‌ఫ్రూ అను చిన్నయూరి ధనవంతులు గొప్ప ఆటగాండ్రను కూర్ప దలంచి, లెస్టరునకు మూడువేల డాలర్లును, ఫ్రాంకునకు రెండువేల డాలర్లును ఇచ్చి పిలిపించిరి. ఆ జట్టునకు కప్పు లభింపలేదు. పేరుగల ఆటగాండ్రను కొన్నంతమాత్రమున జట్టు గెలువదని లోకమునకు తెలిసెను.

1911లో తండ్రి కలప వ్యాపారము నమ్మివేసెను. చేతికి వచ్చిన ధనమును సుఖముగ కూర్చుండి అనుభవింప వచ్చును. కాని ఆ ముగ్గురును దానిని సాహసకార్యమునకు ఒడ్డిరి. పసిఫిక్ సముద్రతీరమున చలి తక్కువ, వాన యెక్కువ, నీరు గడ్డకట్టదు. అట్టిచోట మంచు హాకీ ఆడింపవలె నన్నచో మంచును మానవుడే చేయవలెను. మన పట్టణములలోని ఐసు ఫ్యాక్టరీలలో అమ్మోనియా యంత్రముచే ఉప్పునీటిని మిక్కిలి చల్లబఱచి, దానియందుంచిన డబ్బాలలోని మంచినీటిని గడ్డకట్టింతురు. పాట్రిక్కులు అట్లు చల్లబఱచిన ఉప్పునీటిని నేలక్రింద పఱచిన గొట్టములలో పాఱించి, నేలపై చల్లిన నీటిని గడ్డకట్టించిరి. ఇట్లు విక్టోరియాలో నాలుగువేలమంది పట్టు క్రీడామందిరమును, వాంకూవరులో పదివేలమందికి పైగా పట్టు మఱియొక మందిరమును నిర్మించిరి. కెనడాలో యంత్రపు మంచుగల మొదటి మందిరములు అవియే. 1911 క్రిస్మసునాడు విక్టోరియా మందిరము తెఱవబడెను. 1912 జనవరి మొదటి వారమున ఆటలు ఆరంభమయ్యెను. ఆ జట్టుల సమాఖ్యకు పసిఫిక్ కోస్ట్ హాకీ సంఘ మని పేరు. లెస్టర్ విక్టోరియా జట్టును, ఫ్రాంకు వాంకూవరు జట్టును నడపిరి. వారు యజమానులే కాక శిక్షకులును, ఆటగాండ్రును గూడ.

సొంత సంఘము కలిగినందున అన్నదమ్ములు ఆటలోని లోపములను దిద్దుటకు స్వేచ్ఛ పొందిరి. అంతవఱకు బిళ్లను తనకంటె ముందున్న తోటివానికి అందించుట నిషిద్ధము. ప్రక్కకో వెనుకకో ఇయ్యవలెను. అందుచే ఆట మాటిమాటికి ఆగుచుండెను. వారు మంచుపై రెండు నీలి గీతలు గీయించి మైదానమును మూడు భాగములు చేసి, నడిమి భాగమున ముందునకు అందించుటకు అనుమతి నిచ్చిరి. దానితో ఆటకు వడి వచ్చెను. దూరమున కూర్చున్నవారు సైతము గుర్తించునట్లు ఆటగాండ్ర చొక్కాలపై అంకెలు కుట్టించిరి. గోలు చేసినవానికే కాక, బిళ్లను అందించి తోడుపడినవానికి గూడ లెక్కలో స్థానము కల్పించిరి. మఱియొక నియమము గలదు. గోలు కాచువాడు నిలిచియే బిళ్లను ఆపవలెననియు, మోకరించినను పడినను శిక్ష తప్పదనియు పూర్వము కట్టడి యుండెను. ప్రాణమునకు తెగించి నిలుచువానికి ఈ కట్టడి అన్యాయమని పాట్రిక్కులు దానిని తొలగించిరి. ఈ నియమము తరువాత లెస్టరునకే ఎట్లు అక్కఱకు వచ్చెనో ముందు తెలియగలదు. ఈ సంస్కరణములలో పెక్కింటికి మూలము ఫ్రాంకు బుద్ధియని చరిత్రకారులు చెప్పుదురు. కీర్తిలో అధికభాగము అన్నకు దక్కినను, న్యాయము చెప్పవలెనన్న ఇద్దఱకును సమభాగము గలదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున 1916లో విక్టోరియా మందిరమును సైన్యము తీసికొనెను. లెస్టర్ తన జట్టుతో అమెరికాలోని స్పోకేన్ నగరమునకు పోయి ఒక ఋతువు గడపెను. ఆ మఱుసటి యేడు సియాటిల్ జట్టున చేరి ఆడెను. యుద్ధానంతరము విక్టోరియా మరల ఆయన చేతికి వచ్చెను. 1924లో పసిఫిక్ సంఘము నిలువలేక మూతపడగా, మిగిలిన జట్టులు పశ్చిమ కెనడా లీగులో చేరెను. 1925లో లెస్టర్ శిక్షణ పొందిన విక్టోరియా కూగర్స్ జట్టు, మోరెంజు వంటి మహావీరులుగల మాంట్రియల్ కెనడియన్స్ జట్టును మూడాటలలో ఓడించి, ఒక్క ఆట మాత్రము వదలి, స్టాన్లీ కప్పును గెలిచెను. తూర్పు ధనవంతుల నేషనల్ హాకీ లీగునకు చెందని జట్టు ఆ కప్పును గెలుచుట అదియే కడసారి. మఱుసటి యేడు పశ్చిమ లీగు కూడ ముగిసి, ఆటగాండ్రు తూర్పు జట్టులకు విక్రయింపబడిరి. పదునైదేండ్ల కృషి కండ్లయెదుట కరగిపోయెను.

లెస్టరునకు అప్పుడు నలువది రెండేండ్లు. 1926లో న్యూయార్కు నగరమున క్రొత్తగ వెలసిన రేంజర్స్ జట్టువారు, ఋతువు ఆరంభమగుటకు ముందే తమ మేనేజరును తొలగించి, లెస్టరును శిక్షకుడుగను మేనేజరుగను నియమించిరి. హాకీ యన్న నేమో సరిగ నెఱుగని ఆ మహానగరమున ఆయన జట్టును మొదటి యేడే తన విభాగమున అగ్రస్థానమున నిలిపెను. నెఱసిన జుట్టును, నిండైన విగ్రహమును చూచి జనులు ఆయనను వెండినక్క యని ముద్దుగ పిలిచిరి.

ఆయన పేరు చిరస్థాయి యగుటకు కారణమైన రాత్రి 1928 ఏప్రిల్ 7. స్టాన్లీ కప్పు తుదిపోటీలో రేంజర్స్ ఎదుట మాంట్రియల్ మరూన్స్ జట్టు నిలిచెను. న్యూయార్కులోని రేంజర్స్ క్రీడామందిరము సర్కసువారికి ఈయబడినందున ఆటలన్నియు ఎదుటివారి నగరమైన మాంట్రియల్‌లోనే జరుగవలసివచ్చెను. మొదటి ఆట రేంజర్స్ ఓడిరి. రెండవ ఆట సగములో, ఇరువురకును ఒక్క గోలైన లేనప్పుడు, మరూన్స్ వీరుడు నెల్స్ స్టివర్టు కొట్టిన బిళ్ల రేంజర్స్ గోలు కాచు లార్న్ షాబో ఎడమకంటికి తగిలెను. నెత్తురోడుచున్న అతనిని ఆసుపత్రికి కొనిపోయిరి.

ఆ దినములలో జట్టునకు రెండవ గోలు కాపరి యుండడు. ప్రేక్షకులలో ఒట్టావా జట్టు గోలు కాపరి అలెక్ కానెల్ కూర్చుండియుండెను. అతనిని దింపుటకు ఎదుటి జట్టు అంగీకారము కావలెను. మరూన్స్ శిక్షకుడు ఒప్పుకొనలేదు. మఱియొక చిన్న జట్టు కాపరిని అడుగగా అతనిని సైతము కాదనెను. ఆటను వదలుకొనుటయా, చేతకానివాని నెవనినో నిలుపుటయా యను సంకటమున, నలువది నాలుగేండ్ల శిక్షకుడు తానే షాబో కవచములు తొడిగికొని గోలులో నిలిచెను. ఆయన ప్రధానముగ ఆడినది రక్షకుని స్థానమున.

రేంజర్స్ ఆటగాండ్రు తమ పెద్దను కాపాడుకొనుటకు ప్రాణములొడ్డిరి. ఎదుటివారిని దూరముననే అడ్డగించిరి. ఐనను వారిని దాటి వచ్చిన దెబ్బలు పదునెనిమిదికి దగ్గఱ. లెస్టర్ వానిని కాళ్లతో, చేతులతో, మోకాళ్లపై పడియు ఆపెను. గోలు కాచువాడు మంచుపై పడవచ్చు నను నియమమును పూర్వము తెచ్చినవారు పాట్రిక్కులే గదా! ఇతరుల మేలునకై చేసిన నియమము ఆ రాత్రి ఆయననే కాచెను. మూడవ భాగము మొదట బిల్ కుక్ గోలు చేసి రేంజర్స్‌కు ఆధిక్యము తెచ్చెను. ఆట ముగియవచ్చుచుండ స్టివర్టు గోలు చేసి సమము చేసెను. లెస్టరును తప్పించుకొనిపోయిన బిళ్ల అదొక్కటే. అదనపు సమయమున ఫ్రాంక్ బూషే గోలు చేయగా రేంజర్స్ 2-1తో గెలిచిరి. ఆటగాండ్రు చెమటతో తడిసిన తమ శిక్షకుని చుట్టుముట్టి మంచుపైనుండి తోడ్కొనిపోయిరి. తరువాతి ఆటలకు వేఱొక జట్టు కాపరి జో మిల్లర్ లభించెను. ఐదాటలలో మూడు గెలిచి రేంజర్స్ తమ రెండవ యేటనే కప్పును పొందిరి.

1933లో లెస్టర్ శిక్షణలో రేంజర్స్ మరల కప్పు గెలిచిరి. 1939లో ఆయన శిక్షకత్వమును తన శిష్యుడు బూషేకు అప్పగించి, మేనేజరుగ నిలిచెను. పదవిని పట్టుకొని వ్రేలాడక సమర్థునకు చోటిచ్చిన ఫలము మఱుసటి యేడే కనబడెను. 1940లో రేంజర్స్ మూడవసారి కప్పు గెలిచినప్పుడు లెస్టర్ కుమారులు లిన్, మజ్ ఇద్దఱును ఆ జట్టున నుండిరి. ఆ పిమ్మట రేంజర్స్‌కు మరల కప్పు దక్కుటకు 1994వ సంవత్సరము దాక, అనగా 54 ఏండ్లు, పట్టెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆటగాండ్రు సైన్యమునకు పోగా జట్టు కృశించెను. ఆ కష్టకాలమును గూడ చూచి, 1946లో లెస్టర్ మేనేజరు పదవినుండి విరమించెను. 1947లో హాకీ కీర్తిమందిరమున ఆయనకు స్థానము లభించెను.

తరువాత ఆయన విక్టోరియాకు తిరిగిపోయి అచ్చటి జట్టు వ్యవహారములను కొంతకాలము చూచుచు శేషజీవితము గడపెను. 1960 జూన్ 1వ తేదీన అచ్చటనే కన్నుమూసెను. అదే నెల 29వ తేదీన తమ్ముడు ఫ్రాంకును అన్నను అనుసరించెను. కలసి పుట్టిపెరిగిన పనిని కలసియే చేసినవారు నెల తిరుగకుండ కలసియే వెడలిపోయిరి. అమెరికాలో హాకీకి సేవ చేసినవారికి 1966 నుండి లెస్టర్ పాట్రిక్ పేర బహుమాన మిచ్చు సంప్రదాయ మేర్పడెను. మనుమడు క్రెయిగ్ పాట్రిక్ 1980 ఒలింపిక్ క్రీడలలో బంగారు పతకము గెలిచిన అమెరికా జట్టునకు సహాయ శిక్షకుడుగ నుండెను.

పాట్రిక్కులు కట్టిన విక్టోరియా మందిరము 1929లోను, వాంకూవరు మందిరము 1936లోను అగ్నికి ఆహుతియయ్యెను. వారు స్థాపించిన సంఘము అంతకుముందే అంతరించెను.  ఐనను నీలి గీతలు నేటికిని ప్రతి మంచు మైదానమునందును కానవచ్చుచున్నవి. ఆటగాండ్ర వీపులపై అంకెలు నిలిచినవి. గోలు కాచువాడు నేటికిని నిర్భయముగ మోకరించి కాపాడుచున్నాడు. సంస్థకు గోడలు శరీరము. మంచి పద్ధతులు ప్రాణము. గోడలు కూలినను పద్ధతులు నిలిచిన సంస్థ చావదు. పద్ధతి యేర్పఱచినవాడు అవసరము వచ్చినప్పుడు పెద్దఱికమును ప్రక్కన బెట్టి తానే పనిలో దిగవలెను. అట్టివారు గలచోట చిన్న సంస్థయైనను పెద్దకాలము మనును. లెస్టర్ పాట్రిక్ జీవితమునుండి మన యువకులు గ్రహింపదగిన పాఠ మిదియే.