మౌలాలి గుట్ట కింద చందాబీబీ

మా పెద్దమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద ఒక హార్డ్‌వేర్ షాపు పైగదిలో వారానికి మూడు రోజులు క్లాసు. కింద గచ్చు నేల. గంటన్నర సేపు అరమండిలో కూర్చుని ఆ గచ్చు మీద పాదాలు కొట్టి వచ్చేసరికి పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోతాయి పిల్లకి. ఒకరోజు మెట్లెక్కలేక గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మా అత్తగారు నూనె వేడిచేసి కాళ్ళు రుద్దుతూ, రేపు పెళ్ళయ్యాక గజ్జెలు కట్టుకుని తిరుగుతుందా ఏమిటి, ఈ తిప్పలన్నీ దేనికని నన్నడిగారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. మనవరాలి బాధ చూడలేక అన్న మాట. నేనేం జవాబు చెప్పలేదు. నా గజ్జెలు పదో తరగతి సెలవుల్లో అటకెక్కాయి, మళ్ళీ దిగలేదు. నాకే తెలియని జవాబు ఆవిడకేం చెప్పను?

ఆ తరువాత కొద్దిరోజులకి మౌలాలిలో బంధువుల ఇంట్లో పేరంటానికి వెళ్ళాను. మన పటాన్‌చెరు ఊరికి ఇటు కొస అయితే మౌలాలి అటు కొస. పొద్దున్నే మా వారిని ఫస్టు షిఫ్టుకి పంపి, బస్సులు మారి వెళ్ళేసరికి భోజనాల వేళయింది. సాయంత్రం వాళ్ళ కోడలు నన్ను గుట్ట కింద ఒక సమాధి చూపించడానికి తీసుకెళ్ళింది. చుట్టూ ప్రహరీ, లోపల తోట, మధ్యలో రాతి మంటపం. అక్కడ పక్కపక్కనే తల్లీ కూతుళ్ళు. తల్లి రాజ్ కున్వర్ బాయి. కూతురు మహలఖా బాయి చందా. హైదరాబాదు దర్బారులో ఆడి, పాడి, కవిత్వం చెప్పిన మనిషి. పేరు విన్నాను గానీ ఇల్లు చూసినట్టు సమాధి చూడటం అదే మొదలు. ఇంటికొచ్చాక ఆమె గురించి దొరికిందల్లా చదివాను. చదివింది మీకూ చెప్పాలనిపించింది.

రాజ్ కున్వర్ కూడా కళనే నమ్ముకుని బతికిన మనిషే. గర్భంతో ఉండగా మౌలాలి గుట్టకి జియారత్‌కి వెళ్తే దారిలో గర్భం పోయేంత ప్రమాదం వచ్చిందట. మొక్కుకుంటే నిలిచిందట. ఆ బిడ్డే 1768లో పుట్టిన చందాబీబీ. కథ ఎంతవరకు నిజమో గానీ, ఆ కూతురు మాత్రం జన్మంతా ఆ గుట్టని వదల్లేదు. తల్లి తరఫు బంధువు మెహతాబ్‌కి పిల్లల్లేరు. ఆవిడే చందాని పెంచుకుంది. మెహతాబ్ దివాను రుక్నుద్దౌలా ఆదరణలో ఉన్న స్త్రీ కావడంతో పిల్లకి పెద్ద గ్రంథాలయం, మంచి గురువులు దొరికారు. ఉర్దూ, పార్సీ చదివింది. గుర్రపు స్వారీ, విలువిద్య, బల్లెం విసరడం నేర్చింది. సంగీతం నేర్పింది కలావంతుల వంశానికి చెందిన ఖుషాల్ ఖాన్. గౌరవంగా పెళ్ళిళ్ళు చేసి పంపిన ఇళ్ళలో ఎంతమంది ఆడపిల్లలకి ఆ రోజుల్లో ఇందులో సగమైనా దక్కి ఉంటుంది?

నాట్యం అంటే మనకి కాళ్ళే గుర్తొస్తాయి. ఆమె నాట్యం ఇప్పుడు కథక్ అంటున్నదానికి దగ్గరిది. మన కూచిపూడిలో మోకాళ్ళు పక్కలకి విప్పి కూర్చుంటే, అక్కడ నిటారుగా నిలబడే పాదాలతో తాళం పలికించాలి. ఒక్కో కాలికి నూరు గజ్జెలు, అంతకంటే ఎక్కువ కూడా కడతారు. కట్టుకుని నాలుగడుగులు వేసి చూడండి, ఎంత బరువో తెలుస్తుంది. చక్రంలా తిరుగుతూ తిరుగుతూ తాళం ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడే ఆగాలి. అరక్షణం తేడా వచ్చినా చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. అదే నోటితో గజల్ పాడాలి. పాడుతున్న మాటకి అర్థం కళ్ళలో, వేళ్ళలో చూపించాలి. అర్థం చూపించాలంటే ముందు అర్థం తెలియాలి కదా! అందుకే అంత చదువు. ఒళ్ళు బాగాలేదనో, మనసు బాగాలేదనో అనడానికి లేదు. దర్బారు పిలిస్తే వెళ్ళాలి.

ఆమె పిలిచిన చోటికల్లా వెళ్ళింది. రెండో నిజాం, అంటే నిజాం అలీఖాన్, యుద్ధాలకి బయలుదేరినప్పుడు మగవేషంలో ఆయన వెంట నడిచింది. మహలఖా అన్న బిరుదు దర్బారు ఇచ్చిందే. చంద్రుడి లాంటి ముఖం గలదని అర్థం. జాగీర్లూ ఇచ్చారు. అడిక్‌మెట్ వాటిలో ఒకటి. ఇవాళ ఉస్మానియా యూనివర్సిటీ ఉన్న నేలలో కొంతభాగం ఆ జాగీరుదే. పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఆమె పేరుతో మెట్లబావి ఇంకా ఉంది. అక్కడ చదువుకునే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో మరి.

చందా అన్న కలం పేరుతో గజళ్ళు రాసింది. 1798 నాటి దివాన్‌లో 125 ఉన్నాయి. ఒక్కోటి అయిదేసి ద్విపదలు, చివర మౌలా అలీ స్మరణ. 1799లో ఒక నాట్యసభలో ఆ దివాన్ ప్రతిని జాన్ మాల్కం అనే ఇంగ్లీషు దొరకి కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. సాధారణంగా ఆడినవాళ్ళకి దొరలు కానుకలిస్తారు. ఇక్కడ ఆడిన మనిషే దొరకి కానుక ఇచ్చింది, అదీ తన పుస్తకం! నాకు ఈమె కథలో ఎక్కువ నచ్చింది ఇదే. ఉర్దూలో దివాన్ కూర్చిన మొదటి స్త్రీ ఈమేనని చాలాకాలం అనుకున్నారు. కొంచెం ముందే లుత్ఫున్నీసా ఇంతియాజ్ కూర్చిందని తరువాత తేలింది. మొదటిదైతేనేం, రెండోదైతేనేం లెండి. దక్కను చరిత్ర రాయించిందీ ఈమే. మాహ్‌నామా అనే ఆ గ్రంథం గులాం హుసేన్ జౌహర్ చేత రాయించింది.

ఇన్ని ఉన్నా పెళ్ళి లేదు. అసలు ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఆ దారే వేరు. సభలో పెద్దవాళ్ళందరూ వాహ్వా అంటారు, పెద్దింటి కోడలిగా మాత్రం గడప దాటనివ్వరు. ఇది గోలకొండ కథ, మనది కాదు అనుకోకండి. మన కూచిపూడి గ్రామంలో చాలా తరాలు భామాకలాపం ఆడింది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్ళే తెల్లబోయి చూసేవారట. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు మాత్రం రంగస్థలం ఎక్కేవారు కాదు. ఆడే స్త్రీకి సంసారం లేదు, సంసారంలో ఉన్న స్త్రీకి ఆట లేదు. ఆంధ్రదేశంలో కళావంతుల ఇళ్ళలో నిలిచిన నాట్యాన్ని తరువాత మనం అరంగేట్రాల పేరుతో ఇళ్ళకి తెచ్చుకున్నాం. ఆ ఇళ్ళ ఆడవాళ్ళని మాత్రం తెచ్చుకోలేదు. మా పిల్ల ఇవాళ దర్జాగా గజ్జెలు కట్టుకుంటోందంటే, ఆ పేరు మోసినవాళ్ళు ఎవరో ముందే మోశారు.

మహలఖా తన దగ్గర మూడొందల మంది ఆడపిల్లలకి ఆట పాట నేర్పించిందంటారు. 1792లో తల్లి కోసం మౌలాలిలో సమాధి, తోట కట్టించింది. 1824లో తనూ అక్కడికే చేరింది. ఆస్తంతా దిక్కులేని ఆడవాళ్ళకి రాసిపోయిందట. ఆమె గజళ్ళు గుల్జారె మహలఖా పేరుతో అచ్చయింది చనిపోయాకే. సమాధి తరువాత పాడుబడి, 2010, 2011 ప్రాంతాల్లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో బాగుపడింది. అదీ మనం చెయ్యలేదు.

ఇదంతా ఒక రాత్రి అన్నాలయ్యాక అత్తగారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని, ఆ మూడొందల మందికీ తిండి ఎవరు పెట్టేవారని అడిగారు. ఆవిడేనన్నాను. మూడొందల మందికే! అని ఆశ్చర్యపోయి, పమిట కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

మర్నాడు స్టూలు వేసుకుని అటక మీంచి నా గజ్జెలు దించాను. తాడు పుచ్చిపోయింది, ఇత్తడికి చిలుము పట్టింది. అత్తగారే చింతపండు నానేసి ఒక్కొక్కటీ తోమారు. లెక్కపెడితే రెండో కాలికి మూడు తక్కువయ్యాయి.