వాక్కు స్థానాన్ని అన్వేషించిన పాల్ బ్రోకా

మాట్లాడటం మనకు ఊపిరి తీసుకోవడమంత సహజంగా తోస్తుంది. కాని ఒక్క పదాన్ని స్పష్టంగా పలకాలంటే పెదవులు, నాలుక, అంగిలి, దవడ, స్వరపేటిక, శ్వాసను నియంత్రించే కండరాలు అన్నీ ఒక క్రమం తప్పకుండా కదలాలి. పసిబిడ్డ ఈ విద్యను కొన్ని సంవత్సరాల సాధనతో నేర్చుకొంటుంది. ఒకసారి అలవడిన పిమ్మట ఆ శ్రమ ఎవరికీ గుర్తుండదు. నేర్చిన ఈ విద్య మెదడులో ఎక్కడ నిలిచి ఉంటుందన్న ప్రశ్నకు రోగి మంచం పక్కన నిలబడి సమాధానం వెదకిన శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా.

బ్రోకా 1824 జూన్ 28వ తేదీన ఫ్రాన్సు దేశంలో, బోర్డో నగరానికి సమీపాన గల సాంత్ ఫ్వా లా గ్రాంద్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. ఆ కుటుంబం ప్రొటెస్టెంటు మతశాఖకు చెందినది. బ్రోకా చిన్నతనం నుండి చదువులో అసాధారణ ప్రతిభ కనబరచాడు. పదిహేడవ ఏట పారిస్ చేరి వైద్యవిద్య ప్రారంభించాడు. సూక్ష్మదర్శిని సాయంతో క్యాన్సర్ కణితులను పరిశీలించాడు. రక్తనాళాల వాపులపై 1856లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. 1859లో పారిస్ మానవశాస్త్ర సంఘాన్ని స్థాపించాడు. మనిషి పుట్టుకను గురించిన చర్చలు మతానికీ, రాజ్యానికీ హాని చేస్తాయేమోనని అధికారులు శంకించారు. అందువల్ల ఒక పోలీసు ఉద్యోగి సమక్షంలోనే ఆ సంఘ సమావేశాలు జరుగవలసి వచ్చింది.

ఆ కాలంలో మెదడును గురించి పండితులు రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. శతాబ్ది ఆరంభంలో గాల్ అనే వైద్యుడు మనిషిలోని ఒక్కొక్క గుణానికి మెదడులో ఒక్కొక్క చోటు ఉందని, పుర్రెపై ఉబ్బులను తడిమి ఆ గుణాలను చెప్పవచ్చునని ప్రచారం చేశాడు. ఈ వాదం నిలువలేదు. జంతువులపై ప్రయోగాలు చేసిన ఫ్లోరెన్స్, ఆలోచనకు సంబంధించినంత వరకు మెదడు అర్ధగోళాలు మొత్తం ఒక్కటిగానే పనిచేస్తాయని చెప్పాడు. అయినా బూయో అనే వైద్యుడు మాత్రం వాక్కుకు స్థానం మెదడు ముందుభాగమైన లలాట లంబికలలోనే ఉందని పట్టుబట్టాడు. 1861లో అతని అల్లుడు ఓబుర్తాఁ మానవశాస్త్ర సంఘంలో ఈ వాదాన్ని తిరిగి లేవనెత్తాడు. బ్రోకా వెంటనే ఏ పక్షమూ వహించలేదు. వాదనల కంటె సాక్ష్యం ముఖ్యమని అతడు భావించాడు.

సాక్ష్యం ఆ ఏప్రిల్ నెలలోనే లభించింది. బ్రోకా పనిచేస్తున్న బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఇరవై ఒక్క సంవత్సరాలుగా ఉన్నాడు. అతడు చెప్పులు కుట్టేవారికి కావలసిన కొయ్య అచ్చులు చేసేవాడు. బాల్యం నుండి మూర్ఛరోగంతో బాధపడ్డాడు. ముప్పయ్యవ ఏట మాట పోయింది. ఏమి అడిగినా అతని నోట టాన్ అనే ఒక్క శబ్దమే రెండుసార్లు వెలువడేది. అందరూ అతణ్ణి ఆ పేరుతోనే పిలిచేవారు. మరి కొన్నాళ్ళకు కుడిచేయి, తరువాత కుడికాలు చచ్చుబడ్డాయి. పడిపోయిన ఆ కాలికి కుళ్ళు సోకడంతో అతణ్ణి శస్త్రచికిత్స విభాగానికి, అంటే బ్రోకా వద్దకు తీసుకువచ్చారు.

బ్రోకా ఆ రోగిని మందబుద్ధిగా భావించి వదలిపెట్టలేదు. ఓపికగా ప్రశ్నలు వేశాడు. ఆసుపత్రిలో ఎన్నేళ్ళుగా ఉన్నావని అడిగితే, లెబోర్న్ ఎడమచేతి ఐదు వేళ్ళను నాలుగుసార్లు చాచి, ఆపై ఒక్క వేలు చూపించాడు. లెక్క సరిగ్గా ఇరవై ఒకటి. గడియారం చూసి సమయం చెప్పగలిగాడు. తన భావం ఎదుటివారికి అర్థం కానప్పుడు కోపంతో ఊగిపోయేవాడు. నాలుక కదులుతున్నది, కంఠధ్వని ఉన్నది, ఇతరుల మాట చాలావరకు తెలుస్తున్నది. లేనిదల్లా పదాలను కూర్చి పలికే నేర్పు మాత్రమే. మాటకు కావలసిన కదలికల జ్ఞాపకమే ఇతనిలో నశించిందని బ్రోకా ఊహించాడు.

బ్రోకా ఓబుర్తాఁను పిలిచి రోగిని చూపించాడు. గాయం లలాట లంబికలోనే ఉండి తీరుతుందని ఓబుర్తాఁ ముందుగానే చెప్పాడు. ఏప్రిల్ 17న లెబోర్న్ మరణించాడు. శవపరీక్షలో ఎడమ లలాట లంబిక వెనుకభాగాన మెదడు పదార్థం చెడిపోయి కనిపించింది. మరునాడే బ్రోకా ఆ మెదడును సంఘ సభ్యుల ముందు ఉంచాడు. లోపల ఏముందో చూడాలన్న కుతూహలం ఎంత ఉన్నా, దానిని కోయకుండా యథాతథంగా భద్రపరచాలని నిశ్చయించాడు.

ఒక్క సాక్ష్యంతో బ్రోకా తృప్తి చెందలేదు. అదే సంవత్సరం తొడ ఎముక విరిగిన లెలాంగ్ అనే ఎనభై నాలుగేళ్ళ వృద్ధుడు ఆసుపత్రికి వచ్చాడు. అతనికి మిగిలినవి ఐదు మాటలు మాత్రమే. ఏ సంఖ్య చెప్పవలసి వచ్చినా మూడు అనేవాడు. వేళ్ళతో మాత్రం సరైన సంఖ్యనే చూపేవాడు. అతని మెదడులోను గాయం ఇంచుమించు అదే చోట కనిపించింది. 1863 నాటికి ఇటువంటి రోగులు మరికొందరు తారసపడ్డారు. ఆశ్చర్యమేమంటే గాయాలన్నీ ఎడమ వైపుననే ఉన్నాయి. ఈ విషయాన్ని బ్రోకా ఎంతో సంకోచంతో ప్రస్తావించాడు. దక్షిణ ఫ్రాన్సుకు చెందిన మార్క్ డాక్స్ అనే వైద్యుడు ఈ సంగతిని పూర్వమే గుర్తించాడని అతని కుమారుడు ప్రకటించాడు. ఈ ఘనత ఎవరికి చెందాలన్న వివాదం ఇప్పటికీ చరిత్రకారులలో చర్చకు వస్తూనే ఉంది.

1865లో బ్రోకా తన నిర్ణయాన్ని స్పష్టంగా ప్రకటించాడు. మెదడు ఎడమ అర్ధగోళం శరీరపు కుడిభాగాన్ని నడిపిస్తుంది. అధికసంఖ్యాకులు సున్నితమైన పనులను కుడిచేతితో నేర్చినట్లే, మాటను కూడ ఎడమ అర్ధగోళంతోనే నేర్చుకొంటారని అతడు వివరించాడు. పసితనంలో ఆ భాగం దెబ్బతింటే కుడి అర్ధగోళం ఆ పనిని చేపట్టగలదని కూడ గ్రహించాడు. మాట కోల్పోయినవారికి బిడ్డకు నేర్పినంత ఓర్పుతో తిరిగి నేర్పవచ్చునన్న ఆశ ఇందులో ఉంది. వాక్చికిత్సకు ఈ ఆశయే ఊపిరి.

ఇంతటి పరిశీలకుడు కూడ తన కాలపు దురభిప్రాయాలకు అతీతుడు కాలేకపోయాడు. పుర్రెలను కొలిచి, మెదడు పరిమాణాన్ని బట్టి జాతుల మధ్య, స్త్రీపురుషుల మధ్య తెలివితేటల హెచ్చుతగ్గులు నిర్ణయించవచ్చునని నమ్మాడు. ఆ నమ్మకం తప్పని తరువాతి శాస్త్రం తేల్చింది. రోగి మంచం పక్కన సాక్ష్యం కోసం వేచిన వ్యక్తి, పుర్రెల విషయంలో ముందే ఏర్పరచుకున్న అభిప్రాయానికి అంకెలను వెదకాడు. అతని జీవితంలో ఈ రెండు పాఠాలనూ కలిపి చదవాలి.

బ్రోకా చూపిన మార్గంలో ఇతరులు ముందుకు సాగారు. 1870లో జర్మన్ శాస్త్రజ్ఞులు ఫ్రిట్ష్, హిట్జిగ్ శునకం మెదడుపై కొన్ని చోట్ల స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేసి, ఎదుటి వైపు కాళ్ళు కదలడం చూశారు. 1874లో వెర్నికె మాటను అర్థం చేసుకోవడానికి తోడ్పడే భాగం ఎడమ అర్ధగోళంలోనే, మరికొంత వెనుకగా ఉన్నదని చూపాడు. 1880లో బ్రోకాను ఫ్రాన్సు సెనేటుకు జీవితకాల సభ్యునిగా ఎన్నుకున్నారు. ఆ ఏడాదే జూలై 9న, యాభై ఆరవ ఏట అతడు కన్నుమూశాడు.

అతడు కోయక దాచిన ఆ రెండు మెదళ్ళను 2007లో శాస్త్రజ్ఞులు ఎం.ఆర్.ఐ. యంత్రంతో పరీక్షించారు. బ్రోకా కంటికి కనిపించిన దానికంటె గాయాలు లోతుగా వ్యాపించాయని, మెదడు భాగాలను కలిపే నాడీ తంతువులు కూడ దెబ్బతిన్నాయని వెల్లడైంది. మాటకు ఒక్క చోటే కాక, అనేక స్థానాలను కలిపే వలయమే ఆధారమని నేటి విజ్ఞానం చెబుతున్నది. బ్రోకా అభిప్రాయాన్ని సవరించే ఈ సాక్ష్యాన్ని పదిలపరచినది బ్రోకాయే. వైద్యగ్రంథాలలో బ్రోకా ప్రాంతం అనే పేరు అతణ్ణి తలపింపజేస్తున్నది. ఆ పేరు వెనుక, ఒకే శబ్దంతో ఇరవై ఒక్క సంవత్సరాలు గడిపి, వేళ్ళతో తన బుద్ధిని నిరూపించుకున్న ఒక నిరుపేద పనివాడు కూడ ఉన్నాడు.