గరిమెళ్ళవారును, ద్వేషమును శిక్షించు చట్టములును

నాజీలును వారి తోడుదారులును 1941 మొదలు 1945 వఱకు ఐరోపాఖండమున సుమారు అఱువది లక్షల యూదులను వధించిరి. ఆ వధయే జరుగలేదని వ్రాయుచు, అచ్చువేయుచు, అమ్ముచు నున్నవారు నేటికిని గలరు. అట్టి వ్రాతలను కొన్ని దేశములు నేరముగా నెంచి శిక్షించుచున్నవి. మన దేశమున అందులకై ప్రత్యేకమైన చట్టము లేదు. ఉండవలెనా యని యడుగువారు, ఉత్తరమును పరదేశములందు వెదకుటకు ముందు, శ్రీకాకుళపు సీమలో జన్మించిన యొక కవి జీవితమును స్మరింపవలెనని మేము మనవి చేయుచున్నాము. ద్వేషము పుట్టించెనను నేరమునకే ఆయన చెఱసాల కేగవలసివచ్చెను.

గరిమెళ్ళ సత్యనారాయణగారు 1893వ సంవత్సరము జూలై 14వ తేదీన నరసన్నపేట ప్రాంతమందలి గోనెపాడు గ్రామమున నొక పేద కుటుంబమున జన్మించిరి. ఆ ప్రాంతము నాడు గంజాం జిల్లాలోనిది. ఉదారుల సాయమున బి.ఏ. పట్టము పుచ్చుకొని, గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగను, విజయనగరమున ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగను పనిచేసిరి. పేదయింట పుట్టి పట్టభద్రుడైనవానికి నెలజీతపు కొలువెంతటి యాధారమో మన పాఠకు లెఱుగుదురు. 1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపునీయగా ఆ యాధారమును వదలుకొని ఆయన యుద్యమమున దుమికిరి.

అప్పుడు పుట్టినదే “మాకొద్దీ తెల్లదొరతనము” అను పాట. పండించినవాడు పస్తుండుటయు, సముద్రపుటొడ్డున నివసించువానికి ఉప్పు నేరమగుటయు నందు పల్లెటూరివాని నోటిమాటలలో వర్ణితములైనవి. అక్షరము లెఱుగనివారికి సయితము అది కంఠస్థమయ్యెను. తెలుగెఱుగని కలెక్టరు ఆయనను పిలిపించి పాడించుకొని, భాష తెలియకున్నను పాటలోని శక్తి తనకు బోధపడినదని యనెనని చెప్పుకొందురు. ప్రభుత్వ మా పాటను నిషేధించెను. ఆయనకు 1922లో ఒక సంవత్సరము శిక్ష విధించెను. విడుదలయై మరల నూరూర పాడగా, ఈమాఱు రెండున్నర సంవత్సరముల కఠినశిక్ష పడెను.

రాజద్రోహమను నేరము 1870లో శిక్షాస్మృతిలో 124-ఏ విభాగముగా చేరినది. ప్రభుత్వముపట్ల ప్రజలకు ద్వేషమును గాని, తిరస్కారమును గాని, అప్రీతిని గాని కలిగించుట దాని యర్థము. పాఠకులు గమనింపవలసిన దొక్కటి. ఆ చట్టము ద్వేషమునుండి రక్షించినది ఒక జాతిని గాదు, ఒక మతమువారిని గాదు. కోటలును సైన్యములును గల ప్రభుత్వమును.

ఆ పాట పేరులో తెల్ల యను మాట యున్నది గదా, అదియు నొక జాతిని ద్వేషించుట గాదా యని కొంద ఱడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. గరిమెళ్ళవారు వలదన్నది దొరతనమును. ఆంగ్లేయుని శరీరమును గాని, అతని బిడ్డలను గాని, అతని దేవాలయమును గాని ఆయన తాకలేదు. దొరతనము తొలగినచో ఆ పాటకు పనియే లేదు.

ఆయన శిక్షలననుభవించుచున్న దినములలోనే, 1923లో, జర్మనీయందలి న్యూరెంబర్గు నగరమున జూలియస్ స్ట్రైఖర్ అనువాడు డెర్ స్ట్యూర్మర్ అను వారపత్రికను స్థాపించెను. జర్మనీలో యూదులు నూటికి ఒక్కరైనను లేరు. వారి చేతిలో దొరతనము లేదు. అయినను దేశమునకు వచ్చిన ప్రతి కీడునకును వారే కారకులని ఆ పత్రిక వారము వారము బొంకెను. 1935 నాటికి దాని ప్రతులు ఆఱు లక్షలకు పెరిగినవి. మొదట న్యాయస్థానములు స్ట్రైఖరును శిక్షింపకపోలేదు. కాని 1933లో ప్రభుత్వమే అతని పక్షమువారి వశమయ్యెను. నాటినుండి చట్టము బొంకుకు కావలియై, సత్యము పలికినవారిని చెఱబట్టెను. తుదకు అంతర్జాతీయ న్యాయస్థాన మతనిని మానవజాతిపట్ల నేరము చేసినవానిగా నిర్ణయింపగా, 1946 అక్టోబరు 16వ తేదీన ఉరితీయబడెను. అతడు తన చేతితో నెవ్వరిని చంపెనని గాదు; చంపుడని ప్రేరేపించి వ్రాసెనని ఆ శిక్ష.

ఈ యనుభవమునుండియే తరువాతి చట్టములు పుట్టినవి. ఫ్రాన్సు 1990లో, జర్మనీ 1994లో యూదుల మారణహోమమును లేదనుటను స్పష్టముగా నేరము చేసినవి. డేవిడ్ ఇర్వింగ్ అను రచయిత 2006లో ఆస్ట్రియాయందు మూడేండ్ల శిక్ష పొందెను. అయితే అంతకు ముందే, 2000లో, తన్ను నిందించినదని డెబోరా లిప్‌స్టాట్ అను చరిత్రకారిణిపై అతడే లండనులో తెచ్చిన వ్యాజ్యమున, సాక్ష్యముల పరిశీలన జరిగి అతని బొంకు బట్టబయలయ్యెను. ఆ బయలుపాటు ఆ చెఱకంటె బలమైన శిక్ష యని మా యభిప్రాయము.

ఇది పరదేశపు గొడవ యని త్రోసివేయరాదు. హిట్లరు ఆత్మకథ మన పుస్తకాల అంగళ్లలో నేటికిని బాహాటముగా అమ్ముడగుచున్నది. గుంటూరు సీమలో కొత్తరెడ్డిపాలెమున యూదమతము నవలంబించి తెలుగు మాటలాడు బెనె ఎఫ్రాయిం కుటుంబములు గలవు. వర్గములమధ్య వైరము రేపుటకు 1898 నుండియు, మతభావములను బుద్ధిపూర్వకముగా నవమానించుటకు 1927 నుండియు మనకు శిక్షలున్నవి. 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అవి 196, 299 విభాగములైనవి.

గరిమెళ్ళవారి శేషజీవితము దుఃఖభరితము. మదరాసు చేరి గృహలక్ష్మి, ఆంధ్రప్రభ మొదలగు పత్రికలలో పనిచేసి, తుదకు వ్యాధియు దారిద్ర్యమును పీడింప 1952 డిసెంబరు 18వ తేదీన స్వతంత్ర భారతమున కన్నుమూసిరి. తెల్లదొరతనము పోయెను గాని, ఆయన పాటను నేరముగా నెంచిన రాజద్రోహపు విభాగము ఆయన కన్నుమూయునాటికిని శిక్షాస్మృతిలో చెక్కుచెదరక యుండెను. 2022 మేలో సుప్రీముకోర్టు దానిని నిలిపివేసెను. నూతన సంహితలో ఆ పేరు లేదు. అయితే దేశసమగ్రతకు భంగకరమగు చేష్టలను శిక్షించు 152వ విభాగ మున్నది. దాని నెట్లు వాడుదురో ప్రజలు కనిపెట్టియుండవలెను.

చట్టమే వలదని మేము చెప్పము. హతులైనవారి సమాధులపై బొంకు వ్రాయుట బ్రతికియున్నవారి మెడపై కత్తి నూరుటయే. కాని ద్వేషమును శిక్షించు ప్రతి చట్టమును ఒక్క ప్రశ్న యడుగవలెను: ఇది కాపాడునది బలహీనుడైన పొరుగువానినా, అధికారమున నున్నవానినా? మొదటివానిని కాపాడునేని దానిని ఆదరింతము. రెండవవానిని కాపాడునేని, గోనెపాడు కవి పొందిన శిక్షను జ్ఞప్తికి తెచ్చుకొని దానిని నిరాకరింతము.