నోటిపూతకు మందు వెదకిన యల్లాప్రగడ

నోరు దేహమునకు ద్వారము. లోపల పుట్టిన రోగము తఱచుగా నాలుకమీదనే మొదటి గుర్తు వేయును. నాడి చూచిన వైద్యుడు నాలుకను చాపుమనుట అందులకే. ఆ పరీక్షయే నేడు దంతవైద్య కళాశాలలలో నోటి వైద్యమను ప్రత్యేకశాఖగా వెలసినది. ఆ శాఖలో పట్టము పొందకయే దానికి ముఖ్యమైన మందులను సమకూర్చి పోయిన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. లేమి వెన్నాడిన బాల్యము వారిది. మెట్రిక్యులేషను మూడవమారు గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీజీ పిలుపు విని ఖద్దరు అంగీతో శస్త్రచికిత్సకు నిలిచిరి. ఆచార్యునికి ఆగ్రహము కలిగెను. తుదకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కెను.

ఇంతకంటె పెద్ద దెబ్బ యింటిలోనే తగిలెను. స్ప్రూ అను వ్యాధి సోదరుని బలిగొని, తుదకు ఆయననే పట్టుకొనెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ప్రాణము నిలిచెను. స్ప్రూ అను పేరు నోటిపూతను తెలుపు డచ్చి మాట నుండి వచ్చినది. ఈ జబ్బున నాలుక ఎఱ్ఱబడి, నున్ననై, మండును. కారము సోకిన ఓర్వరాదు. ప్రేవులు ఆహారసారమును పీల్చుకొనజాలక రక్తము పలుచబడును. నోటి పైపొర కణములు త్వరత్వరగా మారుచుండును గనుక, సారములోని లోటు అక్కడనే ముందుగా బయటపడును.

ఈ రోగమునకు మందు కనుగొనవలెనను పట్టుదలతోనే ఆయన బోస్టను చేరి, హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల విద్య నభ్యసించిరి. రాత్రివేళ ఆసుపత్రిలో ఊడిగము చేసి పొట్ట పోసికొనిరి. ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను గుర్తించిరి. అయినను అక్కడ స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి.

బొంబాయి మిల్లులలోని గర్భవతుల రక్తహీనత ఈస్టుసారముతో మానునని లూసీ విల్స్ 1931లోనే చూపియుండెను. అందలి గుణద్రవ్యమైన ఫోలిక్ ఆమ్లమును సుబ్బారావుగారి బృందము 1945 నాటికి కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగుల కది యీయగా నాలుక మంట చల్లారి, రక్తము వృద్ధియయ్యెను. వారి విభాగముననే డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడెను. అది టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. నేటికిని స్ప్రూకు ఫోలిక్ ఆమ్లమును, ఆ జాతి మందును కలిపియే యిత్తురు. సోదరుని చంపిన జబ్బునకు సుబ్బారావుగారు ఇట్లు రెండు విధముల బదులు చెప్పిరి.

అయితే మందు కూడ నోటిలోనే తన గుర్తు వేయును. ఫోలిక్ ఆమ్లమును ఎదిరించు అమినోప్టెరిన్‌ను వారి బృందమే రూపొందించెను. దానితో 1948లో ఫార్బర్ పిల్లల రక్తకేన్సరును తాత్కాలికముగా అణచగలిగెను. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నోటి కేన్సరునకును ఇచ్చెదరు. అదియే నోట పుండ్లను కూడ కలిగించును. టెట్రాసైక్లిన్ పెరుగుచున్న పసివారి పండ్లను పసుపుబార్చును. కావున రోగిని ఎఱిగినవాడు పంటిని, పంటిని ఎఱిగినవాడు రోగిని ఎఱుగక తప్పదు. నోటి వైద్యమునకు పునాది ఈ సత్యమే.

1948 ఆగస్టులో, ఏబదిమూడవయేట, ఆయన న్యూయార్కులో కన్నుమూసిరి. మన దేశమున దంతవైద్యుల చట్టము వచ్చినదియు ఆ సంవత్సరమే. ఇల్లాలు శేషగిరిగారిని మరల చూడనేలేదు. 1995లో తపాలాబిళ్ళ వెలువడినది గాని, బ్రదికియుండగా ఆయన పేరు ఎఱిగినవారు కొందఱే.

నేడు హైదరాబాదులో మియాపూరు నుండి బొల్లారము పోవు దారిలో ఔషధ పరిశోధనాలయములు వెలసినవి. ఉత్తరకోస్తాలో అడ్డపొగ త్రాగు స్త్రీల అంగిటి పుండ్లు, గుట్కా నమలు యువకుల బిగిసిన దవడలు వైద్యునికొఱకు ఎదురుచూచుచున్నవి. తెల్లమచ్చగా ఉన్ననాడే కేన్సరును పసిగట్టుట నోటి వైద్యుని పని. దానికి మందు వెదకుట ఆ పరిశోధకుల పని. ఈ రెండును కలిసిననాడే ఆ భీమవరపు బిడ్డ ఋణము కొంతయైనను తీరును.