మూత్రపిండంలోకి తొంగిచూసిన మాల్పీజి (1628–1694)

మా హాస్టల్ వంటగది దగ్గర ఒక గండుపిల్లి ఉండేది. ఒకరోజు అది ఇసుకలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతుంటే అజీర్తి అనుకుని ఊరుకున్నాం. మూడోరోజు చనిపోయింది. మూత్రం బిగిసిపోయి ఉంటుందని, మొదటిరోజే తెస్తే గొట్టం వేసి బ్రతికించేవాడినని పశువుల డాక్టరు గారు చెప్పారు. ఆ బాధతో పుస్తకాలు తిరగేస్తే మనకు తెలిసిన పేరే కనబడింది. బొద్దింక పాఠంలో మాల్పీజియన్ నాళికలని మనం బట్టీ పట్టిన పేరు అది!

మార్సెల్లో మాల్పీజి 1628 మార్చి 10న ఇటలీలోని బొలోన్యా నగరం దగ్గర క్రెవాల్‌కోరెలో జన్మించారు. 1646లో బొలోన్యా విశ్వవిద్యాలయంలో చేరారు. 1649లో తల్లిదండ్రులిద్దరూ చనిపోయారు. ఇంటికి పెద్దకొడుకు కావడంతో చదువు ఆపి, తోబుట్టువుల బాధ్యత చూసుకోవడానికి ఊరికి వెళ్ళారు. అయినా చదువు మీద ఆశ వదులుకోలేదు. తిరిగివచ్చి 1653లో వైద్యపట్టా పొందారు. మనలో ఎందరికో ఈ కష్టం కొత్త కాదు.

1661లో కప్ప ఊపిరితిత్తుల్లో రక్తకేశనాళికలను సూక్ష్మదర్శినితో చూపించారు. తర్వాత మూత్రపిండాల మీద దృష్టి పెట్టారు. ధమనిలోకి నల్లని ద్రవం ఎక్కించి చూస్తే, కొమ్మకు కాయలు వేలాడినట్లు సన్నని రక్తనాళాల చివర చిన్నచిన్న ఉండలు కనిపించాయి. తనకు దొరికిన జంతువులన్నిటిలోనూ అవి ఉన్నాయి. 1666లో ఈ విషయం ప్రచురించారు. మూత్రం వేరుపడేది అక్కడేనని ఊహించారు కానీ, ఆ ఉండలకు మూత్రనాళికలతో ఉన్న సంబంధాన్ని కంటితో చూడలేకపోయారు. దాన్ని 1842లో లండన్‌లో విలియం బౌమన్ చూపించారు. మనం పరీక్షల్లో గీసే బౌమన్ గుళిక అదే.

ఇలాంటి వడపోత ఉండలు కుక్క ఒక్కో మూత్రపిండంలో సుమారు 4 లక్షలు, పిల్లిలో సుమారు 2 లక్షలు ఉంటాయి. సంఖ్య తక్కువైనా పిల్లి మూత్రం కుక్క మూత్రం కంటే చిక్కన. దాని పూర్వీకులు నీళ్ళు తక్కువైన ఎడారి ప్రాంతాలవి. మూత్రపిండాల నుండి మూత్రం రెండు నాళాల గుండా మూత్రాశయం చేరి, ప్రసేకం ద్వారా బయటికి పోతుంది. గండుపిల్లిలో ప్రసేకం చివర బాగా సన్నం. అక్కడ ఇసుకలాంటి స్ఫటికాలు అడ్డుపడితే మూత్రం వెనక్కి తన్నుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, రెండు మూడు రోజుల్లో గుండె ఆగిపోతుంది. మా పిల్లికి జరిగింది అదే.

రోగం నయం చేయడానికి సూక్ష్మదర్శిని ఎందుకని సొంత ఊరి వైద్యులే మాల్పీజిని విమర్శించారు. 1684లో ఇల్లు కాలిపోయి పరికరాలు, కాగితాలు బూడిదయ్యాయి. అయినా ఆయన పని మానలేదు. 1691లో పోప్ వైద్యుడిగా రోమ్ వెళ్ళి, 1694 నవంబరులో అక్కడే మరణించారు. చివరి సంవత్సరాల్లో ఆయననూ మూత్రపిండాల రాళ్ళు బాధించాయి. మరణానంతర పరీక్షలో ఒక మూత్రపిండం రెండోదానిలో సగమే ఉన్నట్లు తేలింది.

ఆయన చూసినది అప్పట్లో ఏ రోగికీ మందు కాలేదు. కానీ ఈనాడు జంతువులకైనా మనుషులకైనా మూత్రపిండాల వైద్యానికి పునాది అదే. తమ్ముళ్ళారా, హాస్టల్‌లో పిల్లి గానీ కుక్క గానీ మూత్రానికి ముక్కుతూ కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. మేము ఆగి పోగొట్టుకున్నాం.