చిత్రకళాతపస్వి దామెర్ల రామారావు

గోదావరీ తీరాన ఉన్న రాజమహేంద్రవరంలో 1897 మార్చి 8వ తేదీన దామెర్ల రామారావు జన్మించారు. బాల్యం నుంచీ ఆయనకు చదువు కన్న చిత్రలేఖనం మీదే మక్కువ ఎక్కువ. బొమ్మలు గీయడం బతుకుదెరువు కాదని పెద్దలు భావించే రోజులవి.

ఆ కాలంలో రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రధానాచార్యులుగా ఉండేవారు. ఆయన ఆంగ్లేయుడే అయినా భారతీయ కళల పట్ల అపారమైన ఆదరం కలవారు. అడివి బాపిరాజుకు కూడ గురువు. రామారావులోని ప్రతిభను గుర్తించి, అజంతా గుహాచిత్రాలను చూపించి, బొంబాయిలోని జె.జె. కళాశాలలో ప్రవేశించడానికి తోడ్పడింది ఆయనే. అటువంటి గురువు లభించకపోతే ఆ బాలుని ప్రతిభ ఏమై ఉండేదో ఊహించడం కష్టం.

1920 నాటికి బొంబాయిలో విద్య ముగించిన రామారావు ఆ మహానగరంలో స్థిరపడలేదు. స్వస్థలానికి తిరిగి వచ్చారు. అప్పటికి దేశమంతటా వంగ చిత్రకళారీతికి గౌరవం ఉండేది. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ ఆ రీతినే బోధించేవారు. రామారావు ఆ మార్గాన్ని అనుసరించలేదు. బొంబాయిలో అభ్యసించిన శరీర నిర్మాణ జ్ఞానాన్ని, అజంతాలో చూసిన రేఖాలాలిత్యాన్ని కలిపి, తెలుగువారి జీవితాన్ని, గోదావరి ప్రకృతిని, పురాణ ఘట్టాలను చిత్రించారు. స్త్రీ అంటే ఏమిటో ఎరుగని ముని కుమారుడు వారకాంతల వలలో చిక్కుకొనే కథ 'ఋష్యశృంగ బంధనం'లో కనిపిస్తుంది. 'నందిపూజ', 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం' ఆయన ఇతర ప్రసిద్ధ చిత్రాలు.

తాను నేర్చినది తనతోనే ఆగిపోకూడదని రామారావు తన ఊరిలోనే చిత్రకళాశాలను నెలకొల్పారు. స్త్రీలు కుంచె పట్టడమే అరుదైన ఆ రోజుల్లో ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణులుగా రూపొందారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కృషిలో కుడిభుజమై నిలిచారు.

1924లో లండన్ సమీపంలోని వెంబ్లీ ప్రదర్శనలో రామారావు చిత్రాలకు స్థానం లభించింది. కీర్తి సముద్రాలు దాటుతున్న ఆ వేళ మశూచి ఆయనను కబళించింది. 1925 ఫిబ్రవరి 6న మరణించేనాటికి, ఇరవై ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా నెల మిగిలే ఉంది. చదువు ముగిసిన తరువాత ఆయనకు దక్కినవి అయిదేళ్లే.

గురువు పోయినా చిత్రకళాశాల ఆగలేదు. వెంకటరత్నం దానిని నడిపించారు. రామారావు చిత్రాలు చెదరిపోకుండా ఆయన పేరిట రాజమహేంద్రవరంలోనే వెలసిన చిత్రకళాప్రదర్శనశాలకు చేరాయి.