రామప్ప రాళ్ల దగ్గర పాఠం నేర్చిన నటరాజ రామకృష్ణగారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, బడి అనగానే నాకు ముందు గుర్తొచ్చింది నేను చేసిన ఒక తప్పు.

1985 జనవరి. మేం పదో తరగతిలో ఉన్నాం. వికారాబాద్ నుంచి రోజూ రైల్లో తాండూరుకు వచ్చి చదువుకునే మా తరగతి అబ్బాయి ఒకడు, వార్షికోత్సవంలో గజ్జెలు కట్టి శివుడి నాట్యం చేస్తానన్నాడు. రిహార్సల్ రోజున మేం ఈలలు వేశాం. ఆడంగి వేషాలంటూ ఎగతాళి చేశాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. వాడు ఏమీ అనలేదు. గజ్జెలు విప్పి సంచిలో పెట్టుకున్నాడు. మళ్లీ స్టేజీ ఎక్కలేదు.

ఆ ఏడాదే శివరాత్రికి, పాలంపేట రామప్ప గుడి దగ్గర దీపాల వెలుగులో యువకులు గజ్జెలు కట్టి పేరిణి శివతాండవం ఆడారు. వాళ్లను తయారు చేసిన గురువు నటరాజ రామకృష్ణగారు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత, ఇంజినీరుగా పని మీద ములుగు వైపు వెళ్లి రామప్ప చూసినప్పుడుగానీ తెలియలేదు. అప్పటినుంచి ఆయన గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

రామకృష్ణగారు 1923 మార్చి 21న ఇండోనేషియాలోని బాలి దీవిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. మగపిల్లవాడు నాట్యాన్నే జీవితంగా ఎంచుకుంటే నలుగురూ ముక్కున వేలేసుకునే కాలమది. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో, నాగపూర్‌కు దగ్గరలోని భండారా రాజావారు ఆయనకు నటరాజ బిరుదు ఇచ్చారు. ఆ తర్వాత ఆ బిరుదు ఇంటిపేరులా ఆయన పేరు ముందు నిలిచిపోయింది. మీనాక్షిసుందరం పిళ్లైగారి దగ్గర, కూచిపూడి పెద్దలు వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి దగ్గర శిక్షణ పొందారు. పెళ్లి చేసుకోలేదు.

అంతటితో ఆగినా ఆయన మంచి నర్తకుడిగా పేరు తెచ్చుకునేవారే. కానీ ఇంకెవరూ వెళ్లని గడపలకు ఆయన వెళ్లారు. తెలుగు దేశంలో గుళ్లలోనూ కొలువుల్లోనూ తరతరాలుగా ఆడినవాళ్లు దేవదాసీలు, కళావంతుల స్త్రీలు. ఆడపిల్లలను గుడికి అంకితం చేయడాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆ ఆచారం పోవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆచారంతో పాటు వాళ్ల విద్యకు కూడా సంఘం తలుపులు మూసేసింది. ఆ పేరు చెప్పుకోవడమే సిగ్గుగా మారి, ఎందరో గజ్జెలను పెట్టె అడుగున దాచేశారు. రామకృష్ణగారు అలాంటి పెద్దవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి శిష్యుడిగా కూర్చున్నారు. నాయుడుపేట రాజమ్మగారు, పెండేల సత్యభామగారు ఆయన గురువులు. అలా కూడగట్టిన విద్యే ఆంధ్రనాట్యం పేరుతో మళ్లీ వేదిక ఎక్కింది. లోకం చిన్నచూపు చూసిన స్త్రీలను ఆయన గురువులని నలుగురిలో చెప్పుకున్నారు. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే.

ఇక పేరిణి సంగతి. కాకతీయుల కాలంలో యుద్ధానికి వెళ్లే ముందు వీరులు శివుడి ఎదుట ఆడేవారని చెప్పుకునే నాట్యం ఇది. ఆడేవాళ్లు లేక ఎప్పుడో ఆగిపోయింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఆయన చేతిలో ఉన్నవి మూడు. మొదటిది, గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి. అందులో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగూ మార్గ నాట్యానికి, తక్కినవి దేశి నాట్యాలకు. పేరిణి ఆ దేశి భాగంలోనే ఉంది. రెండోది, రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి. దాని స్తంభాల మీద నర్తకులూ మద్దెలవాళ్లూ రాతిలో నిలిచి ఉన్నారు. మూడోది, ఆయన గురువుల దగ్గర ఒంటపట్టించుకున్న అడుగు.

ఇంజినీరుగా ఈ పని కష్టం నాకు కొంత అర్థమవుతుంది. డ్రాయింగులు లేని పాత యంత్రాన్ని తిరిగి నడిపించడం లాంటిదిది. శిల్పం ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. ఎత్తిన కాలు కిందికి ఎలా దిగిందో, ఎంత వేగంగా దిగిందో రాయి చెప్పదు. గ్రంథం లక్షణాలు చెబుతుందిగానీ ఒళ్లు కదిపి చూపించదు. ఒక భంగిమకూ ఇంకో భంగిమకూ నడుమ ఉన్న ఖాళీని, ఆడటం తెలిసిన శరీరమే నింపాలి. కాబట్టి ఈనాటి పేరిణి అచ్చంగా కాకతీయుల నాటిదేనా అని ఎవరైనా అడిగితే, అందులో రామకృష్ణగారి ఊహ, కూర్పు కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. నా దృష్టిలో అది లోటు కాదు. శిథిలమైన గుడిని నిలబెట్టేటప్పుడు దొరకని రాయి స్థానంలో కొత్త రాయి చెక్కి పెట్టక తప్పదు.

హైదరాబాద్‌లో నృత్యనికేతన్ నడిపి ఆయన ఎందరికో నేర్పారు. నలభైకి పైగా పుస్తకాలు రాశారు. 1992లో పద్మశ్రీ వచ్చింది. 2011 జూన్ 7న, ఎనభై ఎనిమిదో ఏట కన్నుమూశారు. రామప్పకు యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. అది చూడటానికి ఆయన లేరు. తెలంగాణ వచ్చాక ప్రభుత్వ ఉత్సవాల్లో పేరిణి తరచూ కనిపిస్తోంది. మద్దెల మోతకు మగపిల్లలు నేల అదిరేలా అడుగు వేస్తుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. టీవీలో అది చూసిన ప్రతిసారీ నాకు మన బడి స్టేజీ గుర్తొస్తుంది. ఆ రోజు నా మిత్రుడు చేస్తానన్నది ఇంతకంటే వేరేదేమీ కాదు.

వాడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ సంచిక వాడికీ చేరుతుంది, చదివితే తనకే తెలుస్తుంది. ఒరేయ్, నలభై ఏళ్లు ఆలస్యమైంది, క్షమించు. మిత్రులకు ఒక్క మనవి. ఈసారి ఉత్సవాల్లో మన బడి పిల్లవాడు ఎవడైనా గజ్జెలు కడతానంటే, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే బాధ్యత నాది. మీరూ పక్కన కూర్చోండి.